పదకొండో జత

గోదావరిఖని, 1973. బొగ్గుబాయిలో పని చేసే మొగిలి క్వార్టరు, ముందు గది. ఆదివారం, చర్చి విడిచిన తర్వాత.

“మళ్లొకపారి చదువుత, మనసు పెట్టి విను మొగిలీ. పక్షికి గూడు ఎట్లనో, ఆవుకు ఏది? గడ్డి, పాలు, కొట్టం, దూడ. నాలుగిట్ల ఒకటి.”

“దూడ.”

“దూడనా?”

“దూడనే లిడియక్కా. గూట్ల పక్షి పిల్లలుంటయి. ఆవుకు పిల్లంటే దూడనే గదా.”

“పిల్లను అడిగిన్రా నిన్ను? గూడంటే ఏంది? పక్షి ఉండే జాగ. మరి ఆవు ఉండే జాగ ఏది?”

“మా అవ్వగారింట్ల అయితే వాకిట్లనే కట్టేద్దురు.”

“వాకిలి ఇందుల లేదు తమ్మీ. నాలుగే ఉన్నయి.”

“అట్లయితే దూడనే పెట్టు.”

“నేనేంది పెట్టేది? రేపు పొద్దున మళ్ల డాక్టరు ముంగట పెన్సిలు పట్టేది నువ్వు. సరే కానియ్యి. కలం ఉన్నది రాసేతందుకు. కత్తి దేనికి? పదును, ఇనుము, ఒర, కోసుడు.”

“ఒర.”

“ఒర ఎందుకు?”

“కత్తిని ఊకె బయట పెడితే ఎవలన్న చెయ్యి కోసుకుంటరు.”

“నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు నాకు. వారం రోజుల సంది చెప్తున్న. రెండు మాటలు పక్కపక్కకు పెట్టిన్రంటే వాటి నడుమ ఒక సంబంధం ఉంటది. ముందుగాల ఆ సంబంధాన్ని నీకు నువ్వు చెప్పుకోవాలె. కలంతోటి రాస్తరు. అంతే. ఇగ అదే తీరుగ రెండోదానికి చెప్పుకో. కత్తితోటి…?”

“కత్తితోటి… బెదిరిస్తరు.”

“మొగిలీ!”

“నెత్తి పనిచేస్తలేదక్కా, నేనేం చెయ్య. బాయిల రూఫు కూలి మీద పడ్డ నెత్తి ఇది.”

“పడ్డది, ఎవరు కాదన్నరు? పడి మూడు నెల్లాయె. కుట్లు మానినయి, నడుస్తున్నవ్, బువ్వ తింటున్నవ్. గీ ఇరవై జతల కాడికి వచ్చేసరికే అది పనిచెయ్యదు.”

“ఇడిసిపెట్టు అక్కా. డాక్టరు ఏది రాస్తె అదాయె.”

“ఎట్ల ఇడిసిపెడుదు? బేస్తారం నాడు ఎంక్వైరీ ఉన్నది. నలుగురు పోయిన్రు. మా ఆయన దయాసాగర్, లింగమూర్తి, ఎల్లన్న, సదయ్య. ప్రాణంతోటి బయటపడ్డది నువ్వొక్కనివి. మేనేజరు సాబు ఏం రాసిచ్చిండు? సర్దారు దయాసాగర్ రూఫు కొట్టి చూడలే, చూడకుంటనే మనుషుల్ని లోపటికి తోల్కపోయిండు, నేను ఆ టైంకు అక్కడ లేను, అని రాసిచ్చిండు. రూఫును కర్రతోటి కొట్టి, గట్టిదో డొల్లదో విని, పోవచ్చా వద్దా అని చెప్పేదే సర్దారు పని. పంతొమ్మిదేండ్లు అదే పని చేసినోడు. ఇయ్యాల నలుగురిని చంపినోడు అంటున్నరు ఆయనను. ఆ నలుగురిల ఆయన కూడ ఉండె అని ఎవరికీ యాదికి లేదు.”

“నాకు యాదికున్నది అక్కా.”

“ఉంటే చెప్పాలె. చెప్తె నీ మాట చెల్లాలె. చెల్లాల్నంటే నీ నెత్తి మంచిగున్నదని హైద్రాబాద్ డాక్టరు కాయితం మీద రాయాలె. ఆయన గీ ఇరవై జతలు చూసే రాస్తడు. ఇంకో తొవ్వ లేదు మనకు.”

“నీకు లేదక్కా. నాకు…”

“నీకు?”

“ఏం లేదు. చదువు. చదువు, ఇంకోటి చదువు.”

“ఆకలికి అన్నం. దప్పికకు? గొంతు, ఎండ, నీళ్లు, గిలాస.”

“ఎండ.”

“ఎండ!”

“ఎండకే గదా దప్పిక అయ్యేది.”

“చాయ్ తీసుకోండ్రి అక్కా. చక్కెర జెర తక్కువైంది, ఏమనుకోకు.”

“ఎందుకు పూలమ్మా తక్లీఫు. కూసో, నువ్వు కూడ విను మీ ఆయన పాఠం.”

“ఏమన్న చెప్తున్నడా?”

“ఆవుకు దూడ అంటున్నడు. దప్పికకు ఎండ అంటున్నడు.”

“నా ఖర్మ. నాతోని మాత్రం మంచిగనే మాట్లాడుతడు అక్కా. మొన్న ఎనుక ఏసుకున్న పాక దూలాన్ని కర్రతోటి టకటక కొట్టిండు. ఇది లోపట పుచ్చింది, దీని కింద పండుకోకుండ్రి అన్నడు. పైనుంచి చూస్తె ఇనుము లెక్క ఉన్నది. వడ్లాయన వచ్చి గొడ్డలి పెడితె పొట్టు రాలింది. గప్పుడు పనిచేసిన నెత్తి గిప్పుడు ఎటుపోయిందో.”

“నువ్వు లోపటికి పో పూలే.”

“పోత, నాకేం పనిలేదా? నల్ల వచ్చే యాల్లయింది, బిందె పెట్టకపోతే వరుస పోతది. నువ్వు జెర గట్టిగ చెప్పు అక్కా ఈనకు. నీ మాటయితే ఇంటడు.”

“దూలం సంగతి నాకు చెప్పలే మొగిలీ నువ్వు.”

“దూలం సంగతి చెప్పేదేముంది.”

“కొట్టంగనే పట్టుకున్నవ్.”

“అది నెత్తిల పని కాదక్కా, చెవుల పని. చెవికి అలవాటు. చాయ్ తాగు, సల్లారుతది.”

“తాగుత. మళ్ల చెప్పు, పదోది. డాక్టరుకు రోగి. పంతులుకు? బడి, బలపం, బెత్తం, విద్యార్థి.”

“బెత్తం.”

“బెత్తమేనా? ఖరారా?”

“చిన్నప్పుడు మా పంతులు చేతుల అది తప్ప ఇంకోటి చూడలే నేను.”

“సరే. గంట కొడితే మోగుతది. దీపం పెడితే? నూనె, వెలుగు, వత్తి, చీకటి.”

“అది పన్నెండోది.”

“ఏంది?”

“గిది పన్నెండోది అక్కా. పదోది చదివినవ్, పన్నెండుకు దుంకినవ్. మొన్న గూడ గిట్లనే చేసినవ్, అటు మొన్న గూడ. పదకొండోది ఎప్పుడు చదవవు.”

“అది… సిరా అల్కుకపోయింది. అక్షరాలు కనబడతలేవు.”

“కన్నుకు చూపు, చెవికి ఏంది. గదే గదా. పోయినసారి దవాఖానల చదివిన.”

“పన్నెండోదానికి జవాబు చెప్పు.”

“చీకటి.”

“దీపం పెడితే చీకటి అయితదా?”

“బాయిల అయితది. లైటు మీద పడ్డకొద్దీ పక్కన మనిషి కనబడడు.”

“మొగిలీ, పెన్సిలు కింద పెట్టు.”

“అయిపోయిందా?”

“అయిపోయింది. ఇరవై జతల ఏది ఎన్నోదో నీకు నోటికి వస్తున్నది. పదకొండోదాంట్ల ఏమున్నదో అక్షరం తప్పకుండ చెప్పినవ్. పనిచెయ్యని నెత్తికి వరుస యాదికుంటదా?”

“గది ఎట్లనో… ఊకెనే తట్టింది.”

“ఇయ్యాల ఎన్ని జతలు అడిగిన నిన్ను?”

“నేను లెక్క పెట్టలే.”

“నేను పెట్టిన. నువ్వు చెప్పిన జవాబులల్ల ఒక్కటన్న ఒప్పు తగిలిందా?”

“తగల్లేదా?”

“అమాయకపు మొకం పెట్టకు నా ముంగట. ఇగో, గీ కాయితం చూడు. దవాఖానల నర్సు పని చేస్తది మా చిన్నమ్మ బిడ్డ సుసన్నా, ఎరికే గదా నీకు. నువ్వు పోయినసారి రాసిన కాయితానికి నకలు రాసి పొద్దున చర్చిల నా చేతుల పెట్టింది. బైబిలు నడుమ పెట్టుకొని ప్రార్థన అయ్యేదాక అదే చూసుకుంట కూసున్న. పాస్టరు ఏం చెప్పిండో ఒక్క ముక్క నెత్తికెక్కలే. ఎన్నొచ్చినయి నీకు?”

“తక్కువనే వచ్చి ఉంటయి.”

“సున్నా.”

“నెత్తి మంచిగ లేనోనికి సున్నా గాక ఏమొస్తది అక్కా?”

“రాదు. అదే రాదు. నేను పదకొండేండ్ల సంది బడిల పిల్లల కాయితాలు దిద్దుతున్న. పిల్ల ఒకతి ఉన్నది మా తరగతిల, పుస్తకం తెరవనే తెరవది. అసొంటి పిల్ల కండ్లు మూసుకొని గీత పెట్టినా ఇరవైల నాలుగో అయిదో తగుల్తయి. నాలుగిట్ల ఒకటి గదా, గుడ్డిగ పెట్టినా అప్పుడప్పుడు తగలాలె. ఒక్కటి కూడ తగలలేదంటే ఏంది? ఇరవైకి ఇరవై ఒప్పు ఏదో తెలిసుండాలె. తెలిసి, దాన్ని తప్పించి పక్కదాని మీద గీత పెట్టాలె.”

“…డాక్టరుకు తెల్సిందా?”

“ఇంకా తెలువలే. ఆయన సున్నా చూసి పాపం అనుకున్నడట. నిజమేనా మొగిలీ?”

“ఒక్కటన్న ఒప్పు పెడదామనే అనుకున్న అక్కా. చెయ్యి రాలే. ఒక్కటి ఒప్పు పెడితే, వీనికి తెల్సురా, వీణ్ణి కూసోబెట్టి అడుగుండ్రి అంటరేమో అని బుగులైంది. ఏ పని చేసినా నిఖార్సుగ చెయ్యాలె అని సర్దారు నేర్పిండు. తప్పు గూడ నిఖార్సుగనే చేసిన.”

“సిగ్గు లేదా నీకు? నేను వారం రోజుల సంది బడి కాంగనే ఉరికొస్తున్న. నీ ముంగట కూసొని ఆవు కొట్టం, పక్షి గూడు అని నెత్తి పలగగొట్టుకుంటున్న. నువ్వేమో లోపల నవ్వుకుంట దూడ అంటున్నవ్!”

“నవ్వలే అక్కా. ఒట్టు. ఒక్కనాడు నవ్వలే.”

“ఎవరన్న బెదిరిచ్చిన్రా? మేనేజరు మనుషులు వచ్చిన్రా?”

“ఎవలు రాలే.”

“మరి? ఆయన నీకేం తక్కువ చేసిండు? తట్టా చెమ్మాసు పట్టుకొని బొగ్గు ఎత్తుకుంట నడుము ఇరగ్గొట్టుకుంటుంటివి. అప్పటి సాబు కాళ్లు ఏళ్లు పట్టుకొని రూఫు కింద దిమ్మెలు నిలబెట్టే పనికి మార్పిచ్చింది ఎవరు?”

“సర్దారే.”

“పూలమ్మకు కాన్పు కష్టమైతె అర్ధ గంటల జీపు తెచ్చింది ఎవరు?”

“సర్దారే అక్కా. నేను కాదంటున్ననా? అందుకే… అందుకేనక్కా నేను పిచ్చోని లెక్క ఉన్నది.”

“అందుకే అంటే?”

“ఇడిసిపెట్టు.”

“ఇడిసిపెట్ట. ఇయ్యాల నువ్వు చెప్పేదాక గీ గడప దాట.”

“డాక్టరు నా నెత్తి మంచిగున్నదని రాస్తె ఎంక్వైరీల నిలబెడుతరు. ప్రమాణం చెయ్యిమంటరు. సర్దారు రూఫు కొట్టి చూసిండా అని అడుగుతరు.”

“చూసిండా?”

“చూసిండు. కొట్టి చూసిండు.”

“నీకు దండం పెడుత, ఇంకోమాటు చెప్పు.”

“చూసిండు అక్కా. మేనేజరు సాబు అక్కడ లేననుడు గూడ అబద్ధమే. పక్కపొంటి నిలబడి ఉండె. సాబు ముంగటనే కర్రతోటి మూడు జాగలల్ల కొట్టిండు.”

“యేసయ్యా! మూడు నెల్లు. మూడు నెల్ల సంది గీ ఒక్క మాట కోసం… ఇంత మంచి మాట కడుపుల పెట్టుకొని ఎట్ల కూసున్నవ్‌రా? ఎల్లన్న తల్లి సారవ్వ రోజూ మాపటికి నా దగ్గరికొచ్చి కూసుంటది. మీ ఆయన అసొంటోడు కాదు బిడ్డా, నా కొడుకును కండ్లల్ల పెట్టుకొని చూసుకుంటుండె అని నా చెయ్యి పట్టుకొని ఏడుస్తది. ఆమె నమ్మింది నిజమైంది గదా. లే, మొకం కడుక్కో. రేపు ఇరవైకి ఇరవై పెట్టు. బేస్తారం పోయి గీ మాట చెప్పు, చాలు.”

“చెప్తె అక్కడ ఆగదక్కా.”

“ఎందుకు ఆగది?”

“ఇంకోటి అడుగుతరు.”

“ఏమడుగుతరు?”

“కొట్టినోనికి డొల్ల సప్పుడు ఎందుకు ఇనబడలే అని. చాయ్ సల్లగయింది అక్కా. పూలమ్మ వచ్చినంక మళ్ల పెట్టమంట.”

“వద్దు.”

“మంచినీళ్లన్న తాగు.”

“ఏమీ వద్దు. ఆయన చెవుల సంగతి ఎవరు చెప్పిన్రు నీకు?”

“ఎవలు చెప్పాలె? రెండేండ్ల సంది సర్దారుకు నేనే చెవులు. ఎన్నేండ్ల సంది షాట్లు పేలుస్తున్నరు ఆ చెవుల పక్కన, అవి మాత్రం ఏం చేస్తయి. ఒకనాడు ఎనుకనుంచి బొగ్గు టబ్బు ఊడి ఉరికొస్తుంటె అందరం ఒర్రినం, ఆయన మర్లి చూడలే. నేనే రెక్క పట్టి గుంజిన. ఆ దినమే నాకు సమజైంది. మాపటికి ఇంటి తొవ్వల, మొగిలీ నీకు చేతులెత్తి మొక్కుత, ఎవలకు చెప్పకు, తెలిస్తె అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపుతరు అన్నడు. అసొంటి మనిషి నాకు మొక్కుడేంది అక్కా. నా పాణం పోయినా చెప్ప అన్న.”

“మరి రూఫు ఎట్ల…?”

“ఆయన కొడుతుండె, నేను ఇంటుండె. నా నెత్తి మీద లైటు ఒకమాటు ఊపితే గట్టిది. రెండుమాట్ల ఊపితే డొల్ల. ఆయన నా దిక్కు చూసి చెప్తుండె. రెండేండ్లల్ల ఒక్కనాడు తప్పు పోలే. మా తీరుగ రూఫు చూసిన జోడి ఇంకోటి లేకుండె.”

“ఆ దినం ఊపలేదా?”

“ఊపిన. రెండుమాట్ల ఊపిన. మళ్ల రెండుమాట్ల ఊపిన. సాబు కొత్తోడు, రూఫు ఎట్ల చూస్తవో చూద్దామని వచ్చి సర్దారు ముంగటనే నిలబడ్డడు. సాబు లైటు సర్దారు కండ్లల్ల కొడుతున్నది. ఆ ఎలుగుల నా లైటు కనబళ్లే. ఎట్లున్నది అని సాబు చెయ్యి తిప్పి అడిగిండు. సర్దారు నా దిక్కు చూసిండు, కండ్లు చికిలిచ్చి చూసిండు, ఆగిండు… గట్టిగున్నది సాబ్ అన్నడు.”

“డొల్లదని నీకు తెలుసు.”

“పది గజాలల్ల నిలబడ్డ. ఖాళీ కుండను కొట్టినట్టు మోగింది. ఇప్పటికి పండుకుంటే అదే మోగుతది.”

“ఒర్రకపోతివా?”

“నోట్లకొచ్చింది అక్కా. ఒర్రితె సాబుకు తెలుస్తది. నీకెట్ల తెల్సురా, సర్దారుకు ఎందుకు తెల్వది అంటడు. అక్కడికక్కడ అన్‌ఫిట్. సాబు అటు మర్లినంక పోయి సర్దారును గుంజుక రావచ్చు అనుకున్న. ఎంత సేపు? రెండు నిమిషాలు. రూఫు అంత సేపు ఆగదా అనుకున్న. సాబు మర్లిండు. సర్దారే ముంగట నడిచిండు, మీరు నా ఎనుక రాండ్రి అనుకుంట. ఎల్లన్న తంబాకు డబ్బి నాకిచ్చి పోయిండు, ఇప్పుడే వస్త అని. నేను ఉరికిన. నేను కాలు పెట్టేసరికే రూఫు మీదికొచ్చింది. సర్దారు చంపలే అక్కా. నేను చంపిన. నా నోరు చంపింది. ఎంక్వైరీల నిలబెడితె గిదంత చెప్పాలె. చెప్తె సర్దారు చెవిటోడు, అందరిని మోసం చేసిండు అంటరు. సచ్చినోని మీద ఉమ్మేస్తరు. నువ్వు ఆయన పేరు కోసం పాణం ఇడుస్తున్నవ్. నేను నీ ముంగటనే గీ మాట ఎట్ల చెప్పుదు? పిచ్చోడు అనిపిచ్చుకునుడే నయం అనుకున్న. ఏడ్వకు అక్కా. నీకు తెల్వకుంటనే పోవాల్నని…”

“నాకు తెల్సు.”

“ఏంది?”

“చెవులు వినబడవని నాకు తెల్సు మొగిలీ. పెండ్లానికి తెల్వకుంట ఉంటదా? పొయ్యికాడి నుంచి పిలిస్తె పలుకడు. వాన పడ్డా తెల్వది. నీకంటె ముందే నాకు తెల్సు.”

“మరి ఏడాదికోసారి మెడికల్ చేస్తరు గదా. అందుల ఎట్ల పాసయ్యిండని నేను ఎన్నోసార్లు అనుకున్న.”

“నేనే పాస్ చేపిచ్చిన.”

“నువ్వా?”

“డాక్టరు ఎనుక నిలబడి మెల్లగ ఒక్కో మాట అంటడు. ఈయన అదే మాట మళ్ల చెప్పాలె. పది మాటలు. ప్రతేడు అవే పది, అదే వరుస. సుసన్నా దగ్గర రాయిచ్చుకున్న. గీ ఇరవై జతలు రాయిచ్చుకున్నట్టే రాయిచ్చుకున్న. వారం రోజులు కూసోబెట్టి బట్టీ పట్టిచ్చిన. ముంగట మందుల అద్దాల బీరువా ఉంటది, దాంట్ల డాక్టరు మూతి కదిలేది కనబడ్తది, కదులుడు ఆగంగనే నువ్వు చెప్పు అని నేర్పిన. మొదటి దినం ఏడు తప్పులు. వారానికి ఒక్క తప్పు లేదు. పోయినేడు పదికి పది చెప్పొచ్చిండు. మా టీచరమ్మ దగ్గర నేనే మొదటి నంబరు అని నవ్విండు. ఆ మాపటికి పాయసం వండిన నేను. మీ ఇంటికి గూడ గిన్నెల పంపిన, యాదికున్నదా?”

“యాదికున్నది. ఏం పండుగ అక్కా అని పూలమ్మ అడిగొచ్చింది.”

“ఆ పండుగ అది.”

“ఉద్యోగం పోతదనే గదా అక్కా చేసినవ్. ఎవలైనా గట్లనే చేస్తరు.”

“ఉద్యోగం, క్వార్టరు, అన్నీ. కానీ చీకట్ల నలుగురి నెత్తి మీది రూఫును ఆ చెవుల మీద పెట్టి పంపుతున్న అని నాకు తట్టలే. చదువు చెప్పే మనిషిని, ఒక్కనాడు తట్టలే. ఆ దినం సైరను మోగినప్పటి సంది ఒక్కటే మొక్కుకుంటున్న. ఏదన్న కానియ్యి ప్రభువా, చెవుల వల్ల మాత్రం కావద్దు. ఆయన పేరు కోసమే నీకు పాఠం చెప్తున్న అని అందరికి చెప్పిన, నాకు నేను గూడ చెప్పుకున్న. కాదు. చెవుల వల్ల కాదు అని నీ నోటెంట వినాల్నని వచ్చిన. రోజూ దానికే వచ్చిన.”

“నేను అబద్ధం చెప్పాల్సి ఉండె అక్కా. నీ ముంగటన్న అబద్ధం చెప్పాల్సి ఉండె.”

“పట్టుకుందును. నీకు అబద్ధం రాదు. సున్నా తెచ్చుకున్నోనివి.”

“అక్కా, ఒక మాట చెప్పనా?”

“చెప్పు.”

“చెప్పినంక మెడ మీది రాయి దిగినట్టున్నది. మూడు నెల్ల సంది బువ్వ పూలమ్మకు తెల్వకుంట కుక్కకు ఏస్తున్న. నేను రేపు ఇరవైకి ఇరవై పెడుత. దేవుని తోడు, పెడుత. బేస్తారం పోయి అంత చెప్త. సాబు అక్కడనే ఉండె అని చెప్త. సర్దారు కొట్టి చూసిండని చెప్త, ఆయనకు ఇనబడలేదని చెప్త, నాకు ఇనబడ్డదని గూడ చెప్త. నౌకరి తీసేస్తె తీసేయని, జేల్ల ఏస్తె ఏయని. సారవ్వ కాళ్ల మీద పడుత. లింగమూర్తి పిల్లలకు తెల్వాలె వాళ్ల నాయిన ఎట్ల పోయిండో. నువ్వు గూడ రా అక్కా, ఇద్దరం పోదాం. ఇద్దరం చెప్పుకుందాం. ఎన్ని దినాలు దాస్తం?”

“మెడికల్ల ఎట్ల పాసయ్యిండని అడుగుతరు.”

“అడిగితె…”

“పది మాటలు ఎవరిచ్చిన్రని అడుగుతరు. సుసన్నాకు ఇద్దరు చిన్నపిల్లలు.”

“ఆమె పేరు చెప్పద్దు.”

“ఒకటి చెప్తె ఇంకోటి అడుగుతరు అని ఇందాక నువ్వే అన్నవ్. సారవ్వ ఇయ్యాల మాపటికి కూడ వస్తది మొగిలీ. వచ్చి నా చెయ్యి పట్టుకుంటది. మన ఇద్దరిది ఒక్కటే దుఃఖం బిడ్డా అంటది.”

“అందుకే చెప్పాలె అక్కా ఆమెకు. అక్కా? ఎటు చూస్తున్నవ్? నల్లకాడి నుంచి పూలమ్మ వచ్చే టైమైంది. ఆమెకు గూడ చెప్పేద్దామా? రేపు పొద్దున దవాఖానకు ఆమెనే తోల్కపోతది నన్ను. ఇరవైకి ఇరవై అని తెలిస్తె ఖుషీ అయితది పాపం.”

“తలుపు దగ్గరికెయ్యి.”

“వేసిన.”

“కూసో. పెన్సిలు తీస్కో, రాసుకో. రేపు ఇరవైల అయిదు ఒప్పు పెట్టాలె, పదిహేను తప్పు. మళ్ల సున్నా తెస్తె ఈసారి డాక్టరు కూడ పట్టుకుంటడు. ఏ అయిదో నేను చెప్త.”